ఎవ్వలు సూస్తలేరు, తిను

ఫ్రీజర్‌లో మంచు పేరుకుపోయి తలుపు సరిగ్గా పడడం లేదు. మొన్న పొద్దున ఫ్రిజ్ ఆపి, సామాన్లన్నీ బయటపెట్టి, కింద పాత తువ్వాలు పరిచి కూర్చున్నాను. మంచు కరుగుతుంటే, అడుగున గోడకు అంటుకుపోయిన ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఊడి వచ్చింది. మూత మీద పసుపు వేళ్ల ముద్రలు. బొటనవేలిది పెద్దది, పక్కన రెండు చిన్నవి. తెరిస్తే లోపల ప్లాస్టిక్ కవర్లో ఒక తెల్ల ఎలుక, రాయిలాగా గట్టిగా ఉంది.

మా అక్క పోయి ఒక వానాకాలం గడిచింది. ఆమె చీరలు పంచిపెట్టాం. మంచం విప్పి సజ్జ ఎక్కించాం. ఈ డబ్బా మాత్రం ఎవరి కంటా పడలేదు. మూత పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నీళ్లు తువ్వాలు దాటి వాకిట్లోకి పోయాయి. ఆఖరికి ఫ్రిజ్ తుడిచి, డబ్బాను మళ్లీ దాని చోట్లోనే పెట్టాను.

మా అక్కకు ఒకటే విద్య తెలుసు. మనుషుల చేత తినిపించడం. వంట మామూలుగానే చేసేది, కారం ఒక పాలు ఎక్కువ. ఆమె గొప్పతనం వంటలో లేదు, వడ్డనలోనూ లేదు. తిననని మొండికేసినవాళ్ల ముందు కూర్చోవడంలో ఉంది. అన్నం కలిపి, అరచేతిలో ముద్దను రెండు తిప్పులు తిప్పి, బొటనవేలితో పైన అద్ది, నోటి ముందు పట్టేది. ఇక ఆ చెయ్యి వెనక్కు వచ్చేది కాదు. ఎదుటివాళ్లు నోరు తెరిచేదాకా తనే నోరు తెరుచుకుని కూర్చునేది. పళ్లూడిన ఆ నోరు చూసి ఏడ్చే పిల్లలు కూడా నవ్వేవాళ్లు. నవ్వితే ముద్ద లోపలికి పోయేది.

"ఎవ్వలు సూస్తలేరు, తిను" అనేది.

"నువ్వు సూస్తున్నవు కద" అంటే, "నేను లెక్కల లేను. నేనెవ్వలను?" అనేది.

బచ్చన్నపేటలో ఆమె అత్తగారిల్లు. అక్కడ పెళ్లిలో అలిగిన పెళ్లికొడుకు ముందు, పురిటి మంచం మీద ముఖం తిప్పుకున్న పిల్ల ముందు ఆమెనే కూర్చోబెట్టేవాళ్లు. చెరువు నింపాలని ఒకసారి వరసకు ఆమె మరిది అయ్యే చిన్న నాయకుడొకాయన రోడ్డు మీద టెంటు వేసి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సాయంత్రం ఈమె టిఫిన్ డబ్బాతో టెంటు వెనక నుంచి పోయింది. "ఎవ్వలు సూస్తలేరు" అంది. దీక్ష అక్కడితో సరి. తర్వాత ఎప్పుడు కనబడ్డా ఆయన, "వదినా, నా రాజకీయం ఖరాబు జేసింది నువ్వే" అనేవాడు. "ఎండిన మొకంతోని ఏం రాజకీయం చేద్దువు గని, తిన్నవా?" అనేది ఆమె.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. దగ్గరి చుట్టాలు కూరా అన్నం వండి తెచ్చి, ఆ ఇంటివాళ్లకు మొదటి ముద్ద తినిపిస్తారు. నోటి చేదు పోవాలంటారు. నా భార్య పోయినప్పుడు అట్లా గిన్నె పట్టుకుని బస్సు దిగింది అక్కే. గదిలో ఉన్నవాళ్లనందరినీ, "పోండ్రి, బయట కూసోండ్రి. మనిషి తింటుంటే గుడ్లప్పగించి సూస్తరా?" అని పంపేసి, తలుపు దగ్గరగా వేసి, నా ముందు కూర్చుంది. ఆ ముద్ద ఎట్లా మింగానో నాకు గుర్తు లేదు. ఆమె తెరిచిన నోరు గుర్తుంది. తర్వాత తను ఒక్కతే ఉండే బచ్చన్నపేట ఇంటికి తాళం వేసి జనగామలో నా దగ్గరే ఉండిపోయింది. నేను తినననుకుందో ఏమో.

ఇట్లాంటి మనిషి ఉన్న ఇంటికి మా చిన్న బిడ్డ శైలజ పామును తెచ్చింది.

శైలకు భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఉండే గది. వాళ్లు పాము ఉంటే మేముండమన్నారు. "ఇల్లు దొరికేదాక నీ దగ్గర ఉండనియ్యి, బాపు" అంది. ఆఫ్రికా జాతి కొండచిలువ పిల్ల. విషం లేదు. ముదురు గోధుమ రంగు ఒంటి మీద బంగారు రంగు మచ్చలు. బూందీ చల్లినట్టుంటుందని బూందీ అని పేరు పెట్టుకుంది. మూత ఉన్న గాజు పెట్టె, కింద వెచ్చగా ఉంచే కరెంటు చాప, లోపల దాక్కోవడానికి బోర్లించిన మట్టి ముంత.

పక్కింటామె గుమ్మం దాటకుండానే అడిగింది. "కొత్తగూడ అడవిలకెల్లి పట్టుకొచ్చిండ్రా, అక్కా?"

"అడవిల దొరికింది కాదు. పట్నంల కొన్నది. దీనికి సర్కారు కాయితాలున్నయ్. నీకున్నయా?" అంది మా అక్క.

పామును తెచ్చిన రోజు పెట్టెలోకి వంగి చూసి అక్క అడిగిన మొదటి మాట వేరేది. "గింత సన్నగున్నదేందే? ఏం పెడుతున్నవు దీనికి?"

"ఎలుక, అత్తమ్మా."

"వండా?"

"బతికున్నదే."

అక్క పెట్టె దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి పోయింది.

శైల సెలవు రోజున వస్తూ హనుమకొండలో తెల్ల ఎలుకలు కొని తెచ్చేది. ఆమె ఉన్న ఒకటి రెండు రోజుల్లో ఒకటి పెట్టెలో వదిలేది. మిగిలింది బోనులో మా దగ్గర ఉండేది. అక్క దానికి నూకలు వేసేది. "పోయేది ఎట్లనో పోతది. ఆకలితోని ఎందుకు పోవాలె?" అనేది. నూకలు తిన్న ఎలుక బాగా బలిసింది. దాన్ని వదిలిన రోజు అది మూలకు ఒదిగి ఊరుకోలేదు. తిరగబడి బూందీ దవడ కింద కొరికింది. పాము ముంతలోకి దూరి చుట్ట చుట్టుకుంది. గాజుకు చిన్న నెత్తుటి గీత.

అక్క చెంపలు వేసుకుంది. "నేను మేపిన పళ్లే గవి, తమ్మీ" అంది.

పశువుల దవాఖానకు పెట్టెతో సహా మోసుకుపోయాను. అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి. కుర్చీ కొంచెం వెనక్కు జరుపుకుని, "సార్, నాకు బర్లెరుక, గొర్లెరుక. దీనికి ఎటుదిక్కు సూది ఇయ్యాల్నో గూడ నాకెరుక లేదు" అన్నాడు. శైల పట్నం డాక్టరును ఫోనులో అడిగి ఒక పూత మందు చెప్పింది. గాయం మానింది. కానీ ఇక మీదట బతికున్న ఎలుక వద్దు, గడ్డకట్టించి అమ్మేవి తెస్తాను, కరిగించి పెడదాం, అట్లయితే కొరకదు, దానికీ మంచిది అంది.

అక్కకు అంతకంటే కావాల్సింది లేదు. "ఇగ నా చేతుల మీద బతికున్నదాన్ని పెట్టేది లేదు. సచ్చినదాన్ని తినిపిస్త. నాకు తినిపియ్య రాదా?" అంది.

నేను కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటాల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఏదైనా తూచి, రాసి పెట్టుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరదు. శైల చెప్పిన పద్ధతి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ముందు రోజు ఫ్రీజర్ నుంచి తీసి కింది అరలో పెట్టాలి. తర్వాత కవర్లో ఉంచే గోరువెచ్చని నీళ్లలో ముంచాలి, పసిపిల్లకు పోసే నీళ్లంత వేడి. ఒళ్లంతా వెచ్చబడ్డాక పొడుగు పట్టుకారుతో పట్టుకుని కొంచెం కదిలిస్తూ పాము ముందుంచాలి. తినకపోతే తీసి పారేయాలి, మళ్లీ ఫ్రీజర్లో పెట్టకూడదు. ఊరికే పామును ముట్టుకోకూడదు. ప్రతి ఆదివారం గిన్నెలో పెట్టి వంటింటి కాంటా మీద తూచడం నా పని. డైరీలో ఎండా వానా రాసే చోటి కింద ఆ బరువు రాసేవాణ్ని.

మొదటిసారి అక్క పట్టుకారు పట్టుకుని పెట్టె ముందు పీట వేసుకుంది. ఎలుకను ముంత ముందు మెల్లగా ఊపుతూ, తను నోరు తెరిచింది. పాము తల బయటపెట్టి, నాలుక ఆడించి, ఎలుక చుట్టూ ఒకసారి వాసన చూసి, తల తిప్పుకుని లోపలికి పోయింది.

"అలిగింది" అంది అక్క.

మరో వారం అదే. ఆ తర్వాత వారమూ అదే. కాంటా మీద ముల్లు వెనక్కు రావడం మొదలైంది. అక్క ముంత దగ్గర వంగి బతిమాలేది. "బూందీగా, నా బంగారు కొండ, ఒక్క బుక్క. ఎవ్వలు సూస్తలేరు." నేను కాగితం చూసి నీళ్ల వేడి సరిచేసేవాణ్ని. ఆమెకు తెలిసింది ఆమె చేసింది, నాకు తెలిసింది నేను చేశాను. ఆ పాముకు మా ఇద్దరి విద్యలూ పట్టలేదు.

ఒక సాయంత్రం శైల వీడియో కాల్ చేసి, తను చూస్తుండగా పెట్టమంది. అక్క ఎలుకను పట్టుకారుతో ఎత్తి ఫోను ముందు చూపించింది.

"అత్తమ్మా, అది పచ్చగున్నదేందే?"

"పచ్చగుండదా మరి? కడిగిన కద."

"దేంతోని?"

"ఉప్పు, పసుపు. కూర కడిగినట్టు కడిగిన. నీసు వాసన వోవద్దా? ఎవ్వలకన్న కడుగకుంట పెడ్తమా?"

శైల నెత్తి కొట్టుకుంది. "దానికి ఆ వాసనే కావాలె, అత్తమ్మా. కండ్లతోని కాదు, వాసనతోనే అది తిండిని గుర్తువడుతది. నువ్వు మొత్తం కడిగేసినవు."

ఇన్ని రోజులుగా నేను నీళ్లు వేడి చేసి గిన్నె అందించి, పెట్టె మూత తీసిపెట్టడానికని ముందుగదిలోకి పోయేవాణ్ని. వంటింట్లో కవర్ విప్పి ఆమె ఇంకో గిన్నెలో ఏం చేస్తోందో నేను చూడలేదు. చూసినా తప్పు అనిపించేది కాదేమో. మా ఇంట్లో మాంసం పసుపు పడకుండా పొయ్యి మీదికి పోయిన రోజు లేదు.

మరుసటి వారం కడగకుండా పెట్టింది. ముఖం పక్కకు తిప్పుకుని, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. అయినా తినలేదు. ఇప్పుడు తప్పేమీ లేదు, సరిచేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజే నాకు ఎక్కువ భయం వేసింది. వెన్ను మీద చర్మం మడత పడింది. ఎత్తితే చేతిలో తాడు ముక్క పట్టుకున్నట్టుంది.

శైల ఫోనులో, "వచ్చే ఆదివారం వస్త, బాపు. అప్పటిదాక తినకపోతే బతికిందే పెడుదాం. గది గూడ తినకపోతే తెచ్చిన కాడనే ఇచ్చేసొస్త. ఇట్ల సంపుకోలేం కద" అంది.

నేను ఆ మాట అక్కకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ ఉంది. చేట కింద పెట్టింది.

"అంటే, ఎలుక సావాలె, లేకుంటె ఇది సావాలె. గంతేనా?"

"గంతే."

"నా చేతి ముద్ద వద్దన్నోడు ఇంతవరకు లేడు, తమ్మీ" అంది. గొప్పగా అనలేదు. ఎవరో తన దగ్గర్నుంచి ఏదో లాక్కున్నట్టు అంది.

శనివారం సాయంత్రం ఎలుకను వెచ్చబెట్టి పీట మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులు. పట్టుకారు ముంతకు తగిలి టకటకమంటోంది. కాసేపటికి, "ఏమొద్దు నాయినా, నీ ఇష్టం. బతిమాలి బతిమాలి నా నోరు నొస్తున్నది" అని ఎలుకను ముంత ముందు పడేసి, లేచి వాకిట్లోకి పోయింది. నేను పెట్టె మీద దుప్పటి కప్పి, లైటు తీసి, ఆమె వెనకే పోయాను. ఇద్దరం గడప మెట్ల మీద కూర్చున్నాం. ఎదురింటి పిల్లలు సైకిల్ చైను వేసుకోవడానికి తంటాలు పడుతుంటే చూస్తూ ఉన్నాం.

లోపలికి వచ్చి దుప్పటి ఎత్తాను. ఎలుక లేదు. ముంత బయట సగం ఒళ్లు పరుచుకుని బూందీ పడుకుంది. మెడ కింద ఒకచోట లావుగా ఉబ్బి ఉంది.

"అక్కా! తిన్నది!"

మోకాళ్ల మాట మరిచి పరుగెత్తుకొచ్చింది. వంగి చూసింది. గాజుకు అరచేతులు ఆనించి దిష్టి తీసి, తన కణతలకు అద్దుకుని మెటికలు విరిచింది. "నా తండ్రే! నా కొండే!" అంది. కళ్ల నీళ్లు పెట్టుకుంది. శైలకు ఫోన్ చేసి ఎలుక ఎంత సైజుదో కూడా చెప్పింది. ఆ హడావుడంతా అయ్యాక పీట మీద కూలబడింది.

"నేను ముందల కూసున్నన్ని దినాలు తినలే కద, తమ్మీ. లేచివోంగనే తిన్నది."

"సిగ్గేమో దానికి" అన్నాను.

"కాదు. నేను లెక్కల లేననుకున్న ఇన్నేండ్లు. నేను గూడ లెక్కల ఉన్ననన్నట్టు" అంది.

ఆ తర్వాత బూందీ వంకలు పెట్టలేదు. అక్క ఎలుకను పెట్టేది, దుప్పటి కప్పేది, వాకిట్లోకి వచ్చి కూర్చునేది. శైలకు ఇల్లు దొరికి పెట్టెను భూపాలపల్లికి తీసుకుపోయిన రోజు, డ్రైవరుతో, "గుంతలల్ల మెల్లగ పోనియ్యి నాయినా, మొన్ననే తిన్నది" అని చెప్పి పంపింది. ఫ్రీజర్ అడుగున ఒక డబ్బా ఉండిపోయినట్టు ఎవరికీ తెలియలేదు.

అక్కకు చలికాలంలో తిండి సహించడం మానేసింది. మొదట పులుపు వద్దంది, తర్వాత కారం వద్దంది, తర్వాత అన్నం వద్దంది. వరంగల్ దవాఖానలో కడుపు పరీక్షలు చేసి, నన్ను పక్కకు పిలిచి చెప్పాల్సింది చెప్పారు. ఇంటికి తీసుకుపోండి, తినగలిగింది పెట్టండి అన్నారు.

తినగలిగింది ఏమిటో ఎవరూ చెప్పలేదు. పలచగా జొన్న జావ కాచి, చల్లార్చి, చెంచాతో నోటి ముందు పట్టాను. ఆమె నా ముఖం చూసి నవ్వింది.

"నువ్వు నోరు తెరుస్తున్నవేంది?"

అప్పుడు చూసుకున్నాను. నా నోరు తెరిచే ఉంది.

"ఒక్క బుక్క, అక్కా. ఎవ్వలు సూస్తలేరు."

"నువ్వు సూస్తున్నవు."

"నేను లెక్కల లేను."

"ఉన్నవు, తమ్మీ" అంది. "గిన్నె ఆడ పెట్టి జర అటు పో. సూస్తుంటే తినబుద్ధైతలేదు."

గిన్నె మంచం పక్క స్టూలు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, గడప మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింట్లో ఎవరో చెట్లకు నీళ్లు పోస్తున్నారు. లేచి పోవాలనిపించేది, పోలేదు. చాలాసేపటికి లోపలికి పోతే గిన్నె ఖాళీగా ఉంది. చెంచా అందులో బోర్లా పడి ఉంది. నా ఒళ్లు తేలికైంది. వెంటనే శైలకు ఫోన్ చేశాను. "తిన్నదమ్మా, మొత్తం తిన్నది" అన్నాను. అట్లా రోజూ రెండు పూటలా గిన్నె పెట్టి బయటికి పోవడం, ఖాళీ గిన్నె తెచ్చుకోవడం. కొంచెం ఎక్కువ కాయడం కూడా మొదలుపెట్టాను.

ఒకరోజు ఇంటి పక్క సందులో చెత్త ఊడుస్తుంటే చీమలు కనబడ్డాయి. ప్రహరీ పొడుగునా బారు తీరి ఆమె గది కిటికీ కిందికి పోతున్నాయి. కిటికీ కింద గోడ మీద జావ కారిన చారలు. కొన్ని ఎండిపోయినవి, ఒకటి తడిది.

చీపురు అక్కడే ఆనించి లోపలికి వచ్చాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. మంచం నుంచి కిటికీ దాకా పెద్ద దూరం కాదు. కానీ ఆ ఒంటితో లేచి, గిన్నె పట్టుకుని నిలబడి, ఊచల మధ్య నుంచి వంచి, మళ్లీ వచ్చి పడుకోవడానికి ఎంత పట్టి ఉంటుంది? అడగలేదు. ఆ సాయంత్రం కూడా జావ కాచాను. గిన్నె స్టూలు మీద పెట్టి, "తిను, నేను బయటున్న" అని చెప్పి పోయాను. ఖాళీ గిన్నె తెచ్చుకుని, "అంత తిన్నవు, బాగున్నదా?" అన్నాను. "మంచిగ కాసినవు" అంది. పోయేదాకా మేమిద్దరం అట్లాగే నడుపుకొచ్చాం. సందు ఊడవడం మానేశాను.

ఆమె పోయిన రోజు కేసముద్రం నుంచి మా మేనమామ కొడుకు, నాకు బామ్మర్ది, కూరా అన్నం గిన్నెల్లో కట్టుకుని వచ్చాడు. ముందుగది చుట్టాలతో నిండింది, కూర్చోవడానికి మిగిలింది అక్క గదే. పళ్లెంలో వడ్డించి నా ముందు పెట్టాడు. చుట్టూ నలుగురు నిలబడ్డారు. శైల గోడకు ఆనుకుని ఉంది.

"తిను బావా. పొద్దటిసంది పచ్చి మంచినీళ్లు ముట్టలేదంట. ఒక్క బుక్క."

ముద్ద కలిపాను. చెయ్యి పైకి రాలేదు. తలెత్తితే అందరూ నా నోటి వంకే చూస్తున్నారు.

"జర అటు పోండ్రి" అన్నాను.

పోయారు. బామ్మర్ది తలుపు దగ్గరగా వేశాడు.

పళ్లెం పట్టుకుని లేచి కిటికీ దగ్గరికి పోయాను. వంగి చూస్తే చీమల బారు అక్కడే ఉంది. ఎండిన చారల మీద పైకీ కిందికీ తిరుగుతోంది. ఒక్క బుక్క నోట్లో పెట్టుకున్నాను. దిగడానికి చాలాసేపు పట్టింది. మిగిలిందంతా ఊచల మధ్య నుంచి కిందికి వంచాను. తర్వాత వచ్చి ఉన్నచోటే కూర్చున్నాను.

బామ్మర్ది తలుపు తోసి ఖాళీ పళ్లెం చూశాడు. ముఖం విప్పారింది. ఫోను తీసి కేసముద్రంలో వాళ్లింటికి చేశాడు. "ఆ, తిన్నడు. మొత్తం తిన్నడు" అంటున్నాడు. నేను కిటికీ వైపు చూడలేదు.